అట్ట మీది చిల్లు నుండి రుజువు దాకా: మగ్గానికీ కంప్యూటర్‌కూ ఉన్న పాత చుట్టరికం

ఈ వార్షికోత్సవ సంచిక ఫోన్‌లోనే మీ చేతికి వస్తోంది. పెద్దలు కళ్ళజోడు సర్దుకుని, మనవళ్ళ చేత అక్షరాలు పెద్దవి చేయించుకుని చదువుతారని మాకు తెలుసు. అందుకే ఈసారి మగ్గం గురించి ఒక్కటే కాకుండా, ఆ ఫోన్ లోపల నడిచే ప్రోగ్రాముల గురించి కూడా నాలుగు మాటలు రాద్దామనుకున్నాం. అది మనకు సంబంధం లేని సంగతి అనుకోకండి. మగ్గానికీ కంప్యూటర్‌కూ మూడు వందల ఏళ్ళ చుట్టరికం ఉంది.

ముందు మా ఇళ్ళలో జరిగిన ఒక సంగతి చెప్తాం. మా వాళ్ళలో ఒక పెద్దావిడ, జీవితమంతా రాట్నం దగ్గరే గడిపిన మనిషి. నేతవారికి ఇచ్చే ఒక సాయం జాబితాలో ఆమె పేరు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే బల్ల వెనక కూర్చున్న కుర్రాడు, "అవ్వా, కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నాడు. నెలల తరబడి తిరిగింది. చివరికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే కొడుకు పండక్కి వచ్చినప్పుడు కాగితాలన్నీ ముందేసుకుని చూశాడు. ఆమె పేరు లక్ష్మితో మొదలవుతుంది. ఒక కాగితంలో కన్నడంలో ఉంది. ఒక కార్డులో ఇంగ్లీషులో 'ఎక్స్' అక్షరంతో ఉంది. ఇంకో దాంట్లో 'కె, ఎస్, హెచ్' అక్షరాలతో ఉంది. రెండు పేర్లూ అక్షరం అక్షరం కలిస్తేనే ఒకే మనిషి అని ఆ ప్రోగ్రాము లెక్క అయ్యుంటుందన్నాడు. ఆ తర్వాత వాడన్న మాట మేము మరిచిపోలేదు: "అమ్మా, ప్రోగ్రాము చెడిపోలేదు. అది చెయ్యమన్నదే చేసింది. చెయ్యమన్నదే తప్పు."

చెయ్యమన్నది సరిగా చేయడం ఒకటి, సరైనది చెయ్యమనడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి ప్రపంచంలో గొప్ప గొప్ప లెక్కల పండితులు ఎన్నో ఏళ్ళు కష్టపడ్డారు. ఆ చరిత్రే ఈ వ్యాసం.

మన ఇంటి లెక్క

రాయచూరు–సింధనూరు దారిలో ఉన్న మా జవళగేరకు ఒకవైపు గద్వాల, ఇంకోవైపు ఇల్కల్. కన్నడంలో బట్టల్ని జవళి అంటారు కాబట్టి మా ఊరి పేరు వినగానే నేతవారికి చెవి నిలుస్తుంది. గద్వాల చీరలో నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు. మూడింటినీ అతికినట్టు తెలియకుండా అతకాలి. ఇల్కల్‌లో ఒళ్ళు పడుగునూ కొంగు పడుగునూ కొలుకులతో కలిపే పద్ధతిని 'తోపె తెని' అంటారు. రెండుచోట్లా పోగుకు పోగు లెక్క కుదరకపోతే చీర కుదరదు.

నేతలో ఒక సంగతి మనందరికీ చిన్నప్పటి నుండి ఒంటబట్టింది. తప్పు బట్టలో కనిపిస్తుంది కానీ బట్టలో పుట్టదు. అచ్చు అతికేటప్పుడు ఒక్క పోగు పక్క కన్నులోకి పోయిందనుకోండి, ఆ పడుగు అయిపోయేదాకా ప్రతి చీరలోనూ ఆ గీత పడుతూనే ఉంటుంది. అందుకే మన ఇంటి పెద్దలు నాడె విసరక ముందే పడుగు మీద వేలితో పోగులు చూసుకుంటూ పోయేవారు. మూర బట్ట నేసి చూద్దాంలే అనేవారు కాదు.

తెలంగాణలో చిటికి కట్టి నేసే వారి సంగతి ఇంకా కష్టం. రంగు వేయకముందే నమూనా అంతా పోగుల లెక్కలో ఉండాలి. దానికోసమే ఆసు పోస్తారు. ఒక్క చీరకు పోగును మేకుల మధ్య వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తొమ్మిది వేల సార్లు అని లెక్క చెప్తారు. తల్లి లక్ష్మి చేయి నొప్పితో పడే బాధ చూడలేక శారాజీపేట వాసి చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ సినిమాగా కూడా చూశాం. ఇక్కడ మేము చెప్పదలచింది వేరే. ఆసు యంత్రం చేతిని మాత్రమే కాదు, తల్లి మనసులోని లెక్కను కూడా అందుకోవాలి. ఏ మేకు దగ్గర ఎన్ని చుట్లు, ఎప్పుడు పక్క మేకుకు జరగాలి అన్న లెక్క ఒక్కచోట తప్పితే చేయి నొప్పి తగ్గుతుంది కానీ చీర పాడవుతుంది. యంత్రం ఏది చేసినా సరిగా చేస్తుందని ఎలా నమ్మాలి? ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

లియాన్ నగరంలో అట్టలు

ఫ్రాన్స్ దేశంలో లియాన్ అనే పట్టు నేతవారి ఊరు ఉంది. అక్కడ 1725లో బసీల్ బుషాన్ అనే ఆయన చిల్లులు పెట్టిన కాగితం చుట్టతో పడుగు పోగుల్ని ఎంచే ఏర్పాటు చేశాడు. మూడేళ్ళకు ఫాల్కన్ అనే ఇంకొకాయన కాగితం చుట్ట బదులు ఒకదానికొకటి కుట్టిన అట్టలు వాడాడు. ఈ ముక్కలన్నీ కలిపి, మెరుగుపరిచి 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ తన యంత్రం తెచ్చాడు. మనం ఇవాళ్టికీ మగ్గం పైన బిగించి ఆయన పేరుతోనే పిలుస్తున్నాం.

అది ఎలా పనిచేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. చిల్లు ఉంటే సూది పోతుంది, పోగు లేస్తుంది. చిల్లు లేకపోతే పోగు లేవదు. ఒక పేకకు ఒక అట్ట. కంప్యూటర్ లోపల జరిగేది కూడా ఇదే, ఉన్నదా లేదా అన్న రెండే మాటలు. 1839లో లియాన్ వారు జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. చూసినవారు అచ్చు వేసిన చిత్రమనుకునేవారట.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ పట్టు చిత్రాన్ని తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. పూలు నేయడానికి అట్టలు ఉన్నప్పుడు లెక్కలు చేయడానికి ఎందుకు ఉండకూడదని ఆయన ఆలోచన. అలా ఒక పెద్ద లెక్కల యంత్రానికి నమూనాలు గీశాడు. అది పూర్తిగా ఎన్నడూ తయారు కాలేదు. కానీ దాని గురించి 1843లో అడా లవ్‌లేస్ అనే ఆవిడ రాసిన వివరణలు నిలిచిపోయాయి. ఆ యంత్రాన్ని ఆమె జకార్డ్ మగ్గంతోనే పోల్చింది. యంత్రం తనంతట తాను ఏదీ పుట్టించదు, మనకు ఎలా చెప్పాలో తెలిసినదే చేస్తుంది అన్న అర్థం వచ్చే మాట కూడా రాసింది. మా కుర్రాడు వాళ్ళమ్మకు చెప్పింది ఇంచుమించు అదే!

ఇంకో సంగతి వినండి. ఆ యంత్రం ఒక కష్టమైన లెక్కను అంచెలంచెలుగా ఎలా చేస్తుందో ఆమె ఒక పట్టిక వేసింది. ప్రపంచంలో అచ్చయిన మొదటి ప్రోగ్రాము అదేనని చాలామంది అంటారు. ఆ పట్టికలో ఒకచోట భాగహారం తలకిందులైంది. పైనుండాల్సిన అంకె కిందికి పోయింది. ప్రోగ్రాముతో పాటే తప్పు కూడా పుట్టిందన్న మాట.

1949 జూన్, కేంబ్రిడ్జ్

నూరేళ్ళు గడిచాయి. కరెంటుతో నడిచే కంప్యూటర్లు వచ్చాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎడ్‌సాక్ అనే యంత్రం 1949 మే నెలలో మొదటి లెక్క చేసింది. దాన్ని తయారుచేసిన మారిస్ విల్క్స్‌కు కొద్దికాలానికే ఒక సంగతి అర్థమైంది. ఇక మిగతా జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కోవడానికే సరిపోతుందని. కొత్తగా జకార్డ్ బిగించుకున్న ప్రతి నేతగానికీ ఈ బాధ అనుభవమే కదా!

ఆ జూన్ 24న అక్కడే జరిగిన సభలో అలన్ ట్యూరింగ్ చిన్న వ్యాసం చదివాడు. మూడు పుటలకు మించదు. పెద్ద ప్రోగ్రామును ఎలా సరిచూడాలి అన్నది విషయం. పెద్ద కూడిక వేసినప్పుడు జవాబు ఒక్కటే చూపిస్తే, సరిచూసేవాడు మళ్ళీ మొదటి నుండి చేయాలి. అదే ఏ వరుసలో ఎంత చేతిలో మిగిలిందో పక్కన రాసి ఉంటే, ఒక్కో వరుసను ఒక్కొక్కరు విడిగా చూడవచ్చు. అన్నీ సరైతే మొత్తం సరే. ప్రోగ్రాము రాసేవాడు కూడా అక్కడక్కడా ఆగి, "ఇక్కడికి వచ్చేసరికి ఇది నిజమై ఉండాలి" అని రాసి పెట్టాలని ట్యూరింగ్ అన్నాడు.

ఆ వ్యాసం అచ్చుతప్పులతో అచ్చయి, చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ అదే దారిని మళ్ళీ కనిపెట్టి శాస్త్రంగా నిలబెట్టారు. హోర్ పద్ధతిలో ప్రతి పనికీ ముందొక మాట, తర్వాత ఒక మాట రాయాలి. మొదలుపెట్టే ముందు ఇది నిజం, పని అయ్యాక అది నిజం. ఆ రెండింటి మధ్య ఉన్న పని నిజంగా ఇక్కడి నుండి అక్కడికి చేరుస్తుందని లెక్కతో రుజువు చేయాలి. దీన్నే ఇప్పుడు ఫార్మల్ వెరిఫికేషన్ అంటున్నారు. మన మాటల్లో, రుజువుతో సరిచూడటం.

దీనికి మగ్గం మీదే ఉదాహరణ ఉంది. అయిదున్నర మీటర్ల చీరలో వేల పేకలు పడతాయి. చివరిదాకా రెండు అంచులూ సమానంగా వస్తాయని ముందే ఎలా చెప్పగలం? రెండు సంగతులు చాలు. మొదలుపెట్టినప్పుడు అంచులు సమానంగా ఉండాలి. ఒక పేక వేయకముందు సమానంగా ఉంటే, వేసిన తర్వాత కూడా సమానంగా ఉండాలి. ఈ రెండూ నిజమైతే వెయ్యో పేక దగ్గర చూడక్కర్లేదు, పదివేలో పేక దగ్గర చూడక్కర్లేదు. చేసిన ప్రతిసారీ చెడని ఆ ఒక్క గుణాన్ని పట్టుకోవడమే ప్రోగ్రాము రుజువుల్లో అసలు పని.

మరి పరీక్షించి చూస్తే చాలదా? నేసి చూసుకోవడం లాంటిదే టెస్టింగ్. అది కావాల్సిందే. కానీ డెబ్బైల మొదట్లోనే డైక్‌స్ట్రా అనే డచ్ పండితుడు గట్టిగా చెప్పింది ఏమిటంటే, పరీక్షలో తప్పు దొరికితే తప్పు ఉందని తెలుస్తుంది, దొరకకపోతే తప్పు లేదని తేలదు.

ఈ కథలో మనవాళ్ళ పేరు కూడా ఉంది. స్విట్జర్లాండులో నిక్లావుస్ విర్త్ పాస్కల్ అనే భాష తయారుచేశాడు. ఏ వాక్యానికి ఏ అర్థమో రుజువుకు పనికొచ్చేలా 1973లో హోర్, విర్త్ కలిసి రాశారు. ఆ భాషను ఎన్నో రకాల కంప్యూటర్ల మీదికి తీసుకుపోయిన పాస్కల్-పి కంపైలరు పుస్తకం మీద మొదటి పేరు కె. వి. నోరి. ఆ నోరి కేశవ్ గారు తర్వాత పుణెలోని టాటా పరిశోధన కేంద్రంలోనూ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోనూ పనిచేశారు. డెబ్బైల నాటికే అలాంటి పనిలో మొదటి పేరుగా ఒక భారతీయుడు ఉన్నాడని మన పిల్లలకు తెలియాలి.

ఖాళీ గళ్ళు, పాత అట్టలు

రుజువు ఎందుకు కావాలో లోకానికి రెండు సంగతులు గట్టిగా నేర్పాయి. రెండూ మన పని వారికి వెంటనే అర్థమయ్యేవే.

మొదటిది 1994లో. ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని థామస్ నైస్లీ అనే అమెరికా లెక్కల మాస్టారు బయటపెట్టాడు. చిప్ లోపల వెయ్యికి పైగా గళ్ళున్న ఒక పట్టిక ఉంది. అందులో అయిదు గళ్ళు నింపకుండా ఖాళీగా మిగిలాయని కంపెనీయే చెప్పింది. అట్టల కట్టలో అయిదు చిల్లులు కొట్టడం మరిచిపోయినట్టు! మామూలు లెక్కల్లో ఆ గళ్ళ దగ్గరికి పోవడం అరుదు. అందుకే పరీక్షల్లో దొరకలేదు. ఆ తప్పు ఖరీదు 47 కోట్ల 50 లక్షల డాలర్లని కంపెనీ లెక్క చూపింది. ఆ తర్వాత చిప్‌లలో లెక్కలు చేసే భాగాలను రుజువుతో సరిచూడటం అక్కడ మామూలు పద్ధతిగా మారింది.

రెండోది 1996 జూన్ 4న. ఐరోపా దేశాల కొత్త రాకెట్ ఏరియాన్-5 పైకి లేచిన 40 సెకన్లకు అటూ ఇటూగా పేలిపోయింది. అంతకుముందు ఏరియాన్-4లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ప్రోగ్రామునే దీంట్లో పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 64 బిట్ల గదిలో ఉన్న పెద్ద అంకెను 16 బిట్ల చిన్న గదిలో కుక్కబోతే పట్టలేదు. పాత మగ్గం అట్టల్ని కొత్త కొలత మగ్గానికి ఎక్కిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. అట్టల తప్పు కాదు, మగ్గం తప్పూ కాదు. ఈ అట్టలు ఏ మగ్గానికి అన్న షరతు ఎవరూ రాసి చూసుకోలేదు. హోర్ చెప్పిన 'ముందు మాట' అదే.

రుజువు చేసి చూపించినవారు

అంత పెద్ద ప్రోగ్రాములకు రుజువు రాయడం అయ్యే పనేనా అని చాలామంది నవ్వారు. అయ్యే పనే అని కొందరు చేసి చూపించారు.

పారిస్‌లో 1998 అక్టోబరులో మొదలైన 14వ నంబరు మెట్రో దారిలో డ్రైవర్ లేడు. జనం ప్రాణాలు కాపాడే ప్రోగ్రాము భాగాన్ని 'బి' అనే పద్ధతిలో రుజువుతో సహా తయారుచేశారు. రుజువు పూర్తయ్యాక చేసిన పరీక్షల్లో ఆ భాగంలో తప్పు దొరకలేదు. ఫ్రాన్స్‌లోనే గ్జావియే లెరాయ్ బృందం కాంప్‌సర్ట్ అనే కంపైలరును రుజువుతో కట్టింది. 2011లో అమెరికాలోని యూటా పరిశోధకులు రకరకాల కంపైలర్లకు కావాలని చిక్కు ప్రోగ్రాములు పెట్టి చూస్తే మూడు వందలకు పైగా తప్పులు దొరికాయి. కాంప్‌సర్ట్‌లో రుజువు ఉన్న భాగంలో ఒక్కటీ దొరకలేదు. రుజువు లేని అంచు భాగంలో మాత్రం దొరికాయి. 2009లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ బృందం సెల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు రుజువు పూర్తి చేసింది. ప్రోగ్రాము సుమారు 8,700 పంక్తులు. రుజువు సుమారు రెండు లక్షల పంక్తులు. మూరెడు బట్టకు ఎంత పడుగు సర్దాల్సి వచ్చిందో చూడండి!

ఈ పని మన బెంగళూరుకూ వచ్చింది. విండోస్ కంప్యూటర్లు నీలం తెర పడి ఆగిపోవడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్రింటరు లాంటి వస్తువుల్ని నడిపే చిన్న డ్రైవర్ ప్రోగ్రాముల్లో తప్పులు దానికి పెద్ద కారణం. వాటిని నడపకుండానే లెక్కతో సరిచూసే పనిముట్టును మైక్రోసాఫ్ట్‌లో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి తయారుచేశారు. ఆ శ్రీరామ్ రాజమణి తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రానికి నాయకత్వం వహించారు.

కృత్రిమ మేధ వచ్చాక

ఇప్పుడు మన పిల్లలు ఫోన్‌లో నోటితో అడిగితే జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. యంత్రానికి మాట వినిపించే విద్యకు పునాది వేసినవారిలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు ఒకరు. కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు వచ్చింది. ఆసియా నుండి దాన్ని అందుకున్న మొదటివాడు మన తెలుగువాడే.

కానీ ఈ కొత్త యంత్రాలు అట్టల మగ్గం లాంటివి కావు. అట్టలో ఏ చిల్లు ఎందుకుందో చెప్పగలం. కృత్రిమ మేధ లక్షల ఉదాహరణలు చూసి తనకు తాను అంకెలు సర్దుకుంటుంది. లోపల కోట్ల కొద్దీ అంకెలు. ఏ అంకె ఎందుకుందో తయారుచేసినవారికే చెప్పడం కష్టం. 2017లో విమానాలు ఒకదానికొకటి గుద్దుకోకుండా చూసే ఒక చిన్న యంత్రమేధకు కొన్ని గుణాలు రుజువు చేయగలిగారు. మన ఫోన్‌లో మాట్లాడే పెద్ద యంత్రాలకు అలాంటి పూర్తి రుజువు ఇవాళ లేదు. అది తడుముకోకుండా మాట్లాడుతుంది కాబట్టి నిజమే చెప్తుందని అనుకోకూడదు. సంతలో గలగలా మాట్లాడే వ్యాపారి జరీ అన్నదల్లా జరీ కానట్టే.

అయితే ఒక ఆశ కూడా ఉంది. రుజువు కనిపెట్టడం కష్టం, ఇచ్చిన రుజువును సరిచూడటం తేలిక. 2013లో లియొనార్డో డి మూరా మొదలుపెట్టిన లీన్ లాంటి రుజువు చూసే ప్రోగ్రాములు ఒక్క అడుగు తప్పినా ఒప్పుకోవు. 2024 జూలైలో గూగుల్ డీప్‌మైండ్ వారి యంత్రాలు అంతర్జాతీయ లెక్కల పోటీలోని ఆరు ప్రశ్నల్లో నాలుగు చేశాయి. 42 మార్కులకు 28, అంటే వెండి పతకం స్థాయి. అందులో ఆల్ఫాప్రూఫ్ అనేది తన జవాబుల్ని లీన్ రుజువులుగా ఇచ్చింది. యంత్రం ఎంత గలగలా మాట్లాడినా ఫర్వాలేదు, తూకం వేసే త్రాసు వేరే ఉంది. మేము ఈ సంగతి చదివినప్పుడు ఇంకొకటి గమనించాం. పోటీలో ఆ ప్రశ్నల్ని లీన్ భాషలోకి మార్చింది మనుషులే. ప్రశ్నను తప్పుగా మారిస్తే, ఆ తప్పు ప్రశ్నకు సరైన రుజువు వస్తుంది అంతే.

రుజువు చెప్పనిది

మళ్ళీ మన పెద్దావిడ దగ్గరికి వద్దాం. ఆ జాబితా ప్రోగ్రాముకు ఫార్మల్ వెరిఫికేషన్ చేసి ఉంటే ఆమె పేరు వచ్చేదా? వచ్చేది కాదు. "పేర్లు అక్షరం అక్షరం కలిస్తేనే ఒకే మనిషి" అన్నది ఒప్పందం అయితే, ఆ ప్రోగ్రాము ఆ ఒప్పందాన్ని తుచ తప్పకుండా పాటిస్తుందని రుజువు వచ్చేది. ఆమెను తప్పించడం సరే అని ముద్ర కూడా పడేది. ఏది రుజువు చేయాలి అన్న ఆ ఒప్పందాన్ని ఇంజనీర్లు స్పెసిఫికేషన్ అంటారు. రుజువు బలమంతా దాని మీదే నిలబడి ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కార్డులో ఇంగ్లీషు అని మూడు భాషల్లో బతికే మా లాంటి సరిహద్దు ఊళ్ళ సంగతి, ఆ ఒప్పందం రాసేవారికి తట్టలేదు.

మన వృత్తికే ఇలాంటి ప్రశ్న ఒకటుంది. చేనేతకు కొన్ని రకాల బట్టల్ని ప్రత్యేకించిన 1985 నాటి చట్టంలో చేనేత మగ్గం అంటే మరమగ్గం కానిది అని నిర్వచనం. ఏది కాదో చెప్పారు కానీ ఏమిటో చెప్పలేదు. రేపు ఒక యంత్రం కెమెరాతో చూసి ఇది చేనేత, ఇది కాదు అని తేలుస్తుందంటే, అది దేన్ని చూసి తేల్చాలి? మగ్గానికి మోటారు బిగించినా పేక చేత్తో వేస్తే ఏమిటి? కాలితో తొక్కినా అంచు పరిపూర్ణంగా ఉందని మరమగ్గం అంటే ఏమిటి? ఈ మాటలు లెక్కల భాషలోకి పోకముందే మనం కూర్చుని తేల్చుకోవాలి. ఒకసారి అట్టల్లో చిల్లు పడితే అదే ప్రతి చీరలో వస్తుంది.

రుజువు పద్ధతిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కొడుకు చెప్పిన మాటలో రెండో సగం ఇది: ఒప్పందం ముందుగా స్పష్టంగా రాసి అందరికీ చూపించి ఉంటే, ఇంట్లో కూర్చుని చదివినవాళ్ళు కూడా ఆ తప్పు పట్టుకునేవారు. ప్రోగ్రాము చదవడం అందరికీ రాదు. కానీ "పేరు అక్షరం తేడా ఉంటే సాయం రాదు" అన్న మాట ఎవరైనా చదవగలరు, ఎవరైనా అభ్యంతరం చెప్పగలరు. రుజువుతో సరిచూసే పద్ధతి మనలాంటి వారికి ఇచ్చే మేలు అదే. దాచి ఉన్న షరతుల్ని అది బయటికి రప్పిస్తుంది.

కాబట్టి ఈ వార్షికోత్సవాన మా మనవి మూడు మాటలే. మన కుటుంబాల జాబితాలు, పింఛన్లు, గుర్తింపు ముద్రలు కంప్యూటర్ చేతిలోకి పోయేటప్పుడు, ఏ షరతులతో పోతున్నాయో తెలుగులోనూ కన్నడంలోనూ రాసి చూపించమని సమాఖ్య తరఫున అడుగుదాం. "కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్న మాట వింటే "దానికి ఏం చెప్పారు?" అని మర్యాదగా తిరిగి అడుగుదాం. బెంగళూరు, హైదరాబాదు, అమెరికాల్లో సాఫ్ట్‌వేర్ పని చేసే మన పిల్లలు రుజువు విద్య నేర్చుకోవాలి. కృత్రిమ మేధ ప్రోగ్రాములు రాసే రోజుల్లో, రాసింది సరో కాదో తేల్చేవారి అవసరం పెరుగుతుంది కానీ తగ్గదు. పడుగు సరిచూసే ఇంట్లో పుట్టినవారికి అది పరాయి పని కాదు.

మన పెద్దావిడ పేరు తర్వాత జాబితాలో చేరింది. కొడుకు అర్జీ రాసి, మూడు కాగితాలూ జతచేసి, కార్యాలయం చుట్టూ తిరిగితే చేరింది. తిరిగే కొడుకు లేనివారి సంగతి ఏమిటని ఆమే మమ్మల్ని అడిగింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.